వదిన కుర్చీ అయిన రోజు

ఆ రోజుల్లో ఫ్రీమాంట్‌లో నాలాంటి పెళ్ళికాని సాఫ్ట్‌వేర్ కుర్రాడికి వారం రోజులూ ఎలా గడిచిపోయేవో తెలిసేది కాదు కానీ, శనివారం మాత్రం ఎంతకీ గడిచేది కాదు. మిగతా రోజులు శాంటా క్లారాలో ఆఫీసు, దారిలో ట్రాఫిక్, మేనేజర్ మొహం, ఇలా ఏదో ఒకటి మనిషిని ముందుకు తోసేది. శనివారం పొద్దున్నే లాండ్రీ వేసి, ఇంటికి ఫోన్ చేసి, "తిన్నావా?" అన్న ప్రశ్నకు తిన్నానని చెప్పేశాక ఇక చేయడానికి పనంటూ ఉండేది కాదు. కొందరు క్రికెట్‌కి పోయేవారు. కొందరు అమ్మకానికి పెట్టిన ఇళ్ళ ఓపెన్ హౌస్‌లు చూడ్డానికి వెళ్ళేవారు (కొనడానికి కాదు, ఆ వంటగదుల్లో నిలబడి నిట్టూర్చడానికి). నేను గరాజ్ సేల్స్‌కి వెళ్ళేవాణ్ణి. ఊరివాళ్ళ ఇళ్ళ ముందు పరిచిన పాత సామాన్లు చూస్తూ తిరిగితే, అమెరికాలో నాకూ నలుగురు తెలిసినవాళ్ళు ఉన్నట్టే అనిపించేది.

అలా తిరుగుతుండగా ఒక ముసలావిడ వాకిట్లో నాకా కెమెరా కనిపించింది. చూడ్డానికి నల్లటి తోలు పెట్టె. మూత తెరిస్తే, లోపల్నుంచి హార్మోనియం తిత్తిలాంటిది ముడతలు ముడతలుగా సాగుతూ ముందుకొచ్చింది. దాని చివర గుండు పిన్నుల డబ్బా అంత కన్ను. "మా అమ్మమ్మది. ఈ లోయంతా నేరేడు రంగు ప్లమ్ తోటలు, ఆప్రికాట్ తోటలు ఉన్న కాలంలో ఆదివారం పిక్నిక్‌లకి పట్టుకెళ్ళేది. ఇప్పటికీ పనిచేస్తుంది" అందావిడ. చివరి మాట నిజమో కాదో ఆవిడకీ తెలియదని నాకు తర్వాత అర్థమైంది. ఆ క్షణంలో మాత్రం, నేను రోజూ కారులో కూర్చుని తిట్టుకునే ఆ ఫ్రీవే పక్కన ఒకప్పుడు టోపీ పెట్టుకున్న ఒకావిడ చెట్టు కింద నిలబడి ఈ పెట్టెలోకి తొంగి చూసిందన్న ఊహే నాకు చాలింది. కెమెరాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చాను.

ఆ మర్నాటి నుంచి లైబ్రరీయే నా ఇల్లు. పాత ఫోటోగ్రఫీ మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. అంతకుముందు ఫోటో తీయడమంటే గాజు పలకలు, మందుసీసాలు, మోయడానికో బండి ఉన్న కలవారి వ్యవహారమట. చుట్టగా చుట్టిన ఫిల్మ్ వచ్చాక గుమాస్తాలు, బడి టీచర్లు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎవరికి వాళ్ళు ఓ పెట్టె చంకన పెట్టుకుని ఆదివారాలు బయల్దేరారట. కొందరు ఫిల్మ్‌ని పోస్టులో పంపి కడిగించుకుంటే, పట్టుదల ఉన్నవాళ్ళు సొంత స్నానాలగదిలోనే ఎర్రదీపం పెట్టుకుని కడిగేవారట. బయట ఇంటిల్లిపాదీ తువ్వాళ్ళు భుజాన వేసుకుని తలుపు బాదేవారట. ఇవన్నీ చదివి నేను ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. రోజూ లంచ్‌లో మా టీమ్‌లో సీనియర్ అయిన అన్నకి, ఆయన పెరుగన్నం తింటుంటే, ధారాళంగా చెప్పేవాణ్ణి. ఆయన ఇంటికెళ్ళి వదినకి చెప్పేవాడు.

వదిన గుంటూరు మనిషి. ఆవిడకి ఒక ఆలోచన వచ్చిందంటే అది అప్పటికే సగం జరిగిపోయినట్టు లెక్క. వాళ్ళ పాపకి మొదటి పుట్టినరోజు దగ్గరపడుతోంది. ఒక సాయంత్రం నన్ను టీకి పిలిచి కూర్చోబెట్టింది.

"ప్రిన్సెస్ థీమ్, జంగిల్ థీమ్ అందరూ చేసేశారు. మనం డిఫరెంట్‌గా హండ్రెడ్ ఇయర్స్ బ్యాక్ థీమ్ చేస్తున్నాం. గుమ్మం దగ్గర బుట్ట పెట్టి అందరి ఫోన్‌లూ తీసేసుకుంటా. బుక్ చేసిన ఫోటోగ్రాఫర్‌ని క్యాన్సిల్ చేసేశా. నువ్వున్నావుగా!"

టీ కప్పు కింద పెట్టేశాను. "వదినా, ఆ కెమెరా ఆడుతుందో లేదో నాకే తెలీదు. నేను దాంతో ఒక్క ఫోటో కూడా తియ్యలేదు" అన్నాను. అక్షరాలా నిజం చెప్పాను.

"నీకు మొహమాటం ఎక్కువ. అందుకే నువ్వంటే మాకు ఇష్టం" అని ఇంకో రెండు జంతికలు ప్లేట్‌లో వేసింది.

(నిజం చెబితే జనం నమ్ముతారని మనకి చిన్నప్పుడు ఎవరు నేర్పారో గానీ, వాళ్ళు మా వదినని చూసి ఉండరు.)

ఆ గదిలో నా మాట నిజంగా విన్నది ఒక్కరే. ఆవిడ వదిన వాళ్ళమ్మగారు. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. మనవరాలి కోసం వచ్చి, మిగిలిన సమయమంతా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ గడిపేవారు. నేను అత్తయ్యగారూ అని పిలిచేవాణ్ణి. "ఏదీ, ఆ పెట్టె ఓసారి తీసుకురా అబ్బాయ్, చూద్దాం" అన్నారు. మర్నాడు తీసుకెళితే, ఆ తిత్తిని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని లోపలికి చూసి, "బాగుంది, నక్షత్రాలు కనిపిస్తున్నాయి" అన్నారు. మడతల దగ్గర సూదిబెజ్జాలు. వాటిలోంచి వెలుతురు దూరితే ఫిల్మ్ సర్వనాశనం. వదిన డ్రెస్సింగ్ టేబుల్ మీంచి నల్ల నెయిల్ పాలిష్ తెప్పించి, ఒక్కో బెజ్జం మీద ఒక్కో చుక్క పెట్టారు. ఆ మధ్యాహ్నం ఆవిడ పార్కింగ్ లాట్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పుట్టినరోజు పార్కు పక్కన కమ్యూనిటీ హాల్లో. నాకు వదిన ఒక నల్లకోటు, బో టై, బోర్లించిన గిన్నెలాంటి టోపీ తెచ్చిపెట్టింది. పైగా నా కెమెరాకి నల్లగుడ్డ అవసరమే లేదని ఎంత చెప్పినా వినకుండా, "గుడ్డ కింద తల పెట్టకపోతే ఫోటోగ్రాఫర్ అని ఎవరికి తెలుస్తుంది?" అని ఒక నల్ల చున్నీ ఇచ్చింది. కాబట్టి ఆ రోజు నేను ప్రతి ఫోటోకీ ముందు చున్నీ కింద దూరి, కాసేపు చీకటిని చూసి, బయటికి వచ్చి, అప్పుడు ఫోటో తీసేవాణ్ణి.

రోల్‌లో పట్టేది ఎనిమిది ఫోటోలే. నా లెక్క ప్రకారం కేకు దగ్గర రెండు, పాపతో అమ్మానాన్న రెండు, అమ్మమ్మతో ఒకటి, అందరితో కలిపి మూడు. కానీ ఫోన్‌లు బుట్టలో పడేశాక తెలుగువాళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. "మాకొకటి తియ్యి బాబూ." "మా వాడు ఈ షేర్వానీ మళ్ళీ వేసుకోడు, ఒక్కటి!" పుస్తకాల్లో చెప్పినట్టు ఎండకి ఎదురుగా నిలబెడితే, కుటుంబాలు కుటుంబాలు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నట్టు నిలబడ్డాయి. ఒక అంకుల్ అయితే నన్ను చెయ్యి పట్టుకుని పార్కింగ్‌లోకి లాక్కెళ్ళి, కొత్తగా కొన్న కారు బానెట్ మీద మోచెయ్యి ఆనించి, "తొందరేం లేదు, మంచిగా తియ్యి" అన్నాడు. పెద్దవాళ్ళు అడిగితే కాదనడం నాకు చేతయ్యేది కాదు. మీట నొక్కుతూ పోయాను. కెమెరా వెనక ఎర్ర అద్దంలో అంకె చూసుకుంటే, ఇంకొక్కటే మిగిలింది. పాప అప్పటికింకా నిద్రే లేవలేదు.

లేచింది, లేచాక చూడాలి. పట్టులంగా గుచ్చుకుంటోంది, జనం కొత్త, పైగా ఆ టోపీ పెట్టుకున్న నన్ను చూడగానే కెవ్వుమంది. బయట ఎండ తగ్గింది. హాల్లో వెలుతురు అంతంతమాత్రం. అంత తక్కువ వెలుతురులో కెమెరా కన్నుని చాలాసేపు తెరిచి ఉంచాలి, అంతసేపూ ఎవరూ కదలకూడదు. ఏడాది పిల్లని కదలకుండా ఉండమని ఏ భాషలో చెప్పాలి? వదిన నా దగ్గరికొచ్చి, నవ్వు మొహంతోనే, మెల్లగా అడిగింది. "వస్తుంది కదా? నిజం చెప్పు. మా అత్తగారు రాజమండ్రిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఈ ఒక్కటీ రాకపోతే నాకు మొహం చెల్లదు." ఆ నవ్వు వెనక ఆవిడ పెదవి వణకడం నేను చూశాను. నాకు అప్పటిదాకా అదంతా ఓ సరదా. ఒక తల్లికి తన పిల్ల మొదటి పుట్టినరోజు గుర్తుగా మిగలబోయేది నా చేతిలో ఉన్న ఈ నెయిల్ పాలిష్ పెట్టెలో మూడంగుళాల ఫిల్మ్ ముక్క అని అప్పుడు తట్టింది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఇంకా వెనకటి రోజుల్లో అయితే, అమ్మ కుర్చీలో కూర్చుంటే ఆవిడ మీద దుప్పటి కప్పేసి, ఆ ఒళ్ళో పిల్లని కూర్చోబెట్టేవారట. ఫోటోలో అమ్మ కుర్చీలా కనిపించేది. పిల్ల మాత్రం అమ్మ ఒళ్ళోనే ఉన్నానని ఊరుకునేది" అని గొణిగాను. అది సలహా కాదు, భయంతో వచ్చిన మాట.

"మరింకేం!" అన్నారు అత్తయ్యగారు. నేను నోరు మూసేలోగానే బహుమతుల బల్ల మీద పరిచిన పట్టుబట్ట లాగేశారు. "కూర్చోవే."

"అమ్మా! మేకప్‌కి రెండు గంటలు పట్టింది!"

"పిల్ల ఫోటో కావాలా, నీ మేకప్ ఫోటో కావాలా?"

వదిన కూర్చుంది. కంచిపట్టుచీరతో, జడలో పువ్వులతో, అంత అందంగా ముస్తాబైన మనిషి పట్టుబట్ట కింద మాయమైపోయింది. ఒళ్ళో పాపని పెట్టారు. పాప ఒకసారి చుట్టూ చూసి, ఒకసారి కిందున్న ఆ వెచ్చటి మెత్తదనాన్ని తడిమి చూసి, ఏడుపు ఆపేసింది. కుర్చీలోంచి, "నాకు ఊపిరాడట్లేదు, తొందరగా!" అని వినపడింది.

"కుర్చీలు మాట్లాడవు" అన్నారు అత్తయ్యగారు.

హాలంతా ఒక్కసారి నవ్వుల్లో మునిగింది. ఆ నవ్వు తగ్గడానికే ఎంతోసేపు పట్టింది. చివరికి అన్న ఒక పక్క, అత్తయ్యగారు ఒక పక్క, మిగతావాళ్ళు వెనక నిలబడ్డారు. నేను చున్నీ కింద దూరి దేవుణ్ణి తలుచుకుని, బయటికొచ్చి, "ఎవరూ కదలకండి!" అని మీట నొక్కి పట్టుకున్నాను. మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. అన్న ముక్కు ఎగబీల్చాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కారు అంకుల్ పక్కకి తిరిగి, "అయిందా?" అనడిగాడు. మీట వదిలేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది.

ఫిల్మ్‌ని పోస్టులో పంపితే వచ్చేసరికి వారాలు పడుతుందని తెలిసి వదిన కూలబడింది. అత్తయ్యగారు మాత్రం నా వైపు తిరిగి, "మీ బాత్రూమ్‌కి కిటికీ ఉందా అబ్బాయ్?" అన్నారు. లేదన్నాను. "అదృష్టవంతుడివి" అన్నారు. ఆవిడ వరస చూస్తే, కాలేజీ ల్యాబ్‌లో సిల్వర్ నైట్రేట్‌తో వేళ్ళు నల్లబడ్డ రోజులన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చినట్టుంది. కావలసిన మందులు ఆర్డర్ చేయించారు. నేను కొన్నది ఎర్రదీపంలో పాడవని పాతరకం ఫిల్మ్. ఇది నా తెలివి కాదు, కొట్టువాడు ఇచ్చింది పుచ్చుకున్నానంతే.

ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. నా రూమ్మేట్‌ది వరంగల్ కాబట్టి అందరం వాణ్ణి వరంగల్ అనే పిలిచేవాళ్ళం. వాడు జిమ్‌కి వెళ్ళిన సమయం చూసి, ఉన్న ఒక్క బాత్రూమ్‌లో పార్టీ సామాన్ల కొట్లో కొన్న ఎర్రబల్బు బిగించి, తలుపు కింద తువ్వాలు కుక్కాం. మూడు పెరుగు డబ్బాల్లో వరసగా కడిగే మందు, నీళ్ళు, బొమ్మని నిలబెట్టే ఫిక్సర్. అత్తయ్యగారు కమోడ్ మూత మీద కూర్చుని, కొంగు నడుముకి చుట్టి, ఫిల్మ్ రెండు కొసలూ పట్టుకుని, మజ్జిగ చిలికినట్టు పైకీ కిందకీ ముంచి తీస్తున్నారు. నేను టబ్ అంచు మీద కూర్చుని డబ్బాలు కదలకుండా పట్టుకున్నాను. ఆ ఎర్రటి వెలుగులో ఆవిడ మొహం పదేళ్ళ పిల్ల మొహంలా ఉంది.

అప్పుడు తలుపు మోగింది. "అరే, జిమ్‌ నుంచొచ్చిన. ఎంతసేపురా బై?"

"ఇప్పుడు తలుపు తియ్యలేనురా! ఫిక్సర్‌లో ఉంది!"

"నేన్ గూడ ఫిక్స్‌లనే ఉన్న! జల్ది ఖుల్లా జెయ్!"

"కొంచెం ఓర్చుకో నాయనా" అన్నారు అత్తయ్యగారు, ఇన్విజిలేటర్ గొంతుతో. తలుపు బాదడం ఆగిపోయింది. మా బాత్రూమ్‌లోంచి ఒక పెద్దావిడ గొంతు వినపడ్డాక వాడేమనుకున్నాడో గానీ, ఆ తర్వాత వాడు వీధి చివర గ్యాస్ స్టేషన్ దాకా పరిగెత్తాడని తెలిసింది. (నూరేళ్ళ క్రితం ఇక్కడి కుటుంబాలు పడ్డ పాట్లన్నిటికీ వరంగల్ ఒక్కడే వారసుడయ్యాడు. ఈ రోజుకీ నన్ను క్షమించలేదు.)

దీపం వెయ్యవచ్చని ఆవిడ చెప్పగానే ఫిల్మ్‌ని బల్బు కింద పట్టుకున్నాం. నెగెటివ్ కాబట్టి అందరికీ తెల్లజుట్టు, నల్లపళ్ళు. మొదటి ఫోటోలో ఫిల్మ్ తిప్పడం మర్చిపోయినట్టున్నాను, ఒక కుటుంబం ఒళ్ళో ఇంకో కుటుంబం కూర్చుని ఉంది. ఒకదాంట్లో నా చున్నీ. కారు ఫోటోలో కారు అద్భుతంగా వచ్చింది, అంకుల్ మెడదాకా వచ్చాడు. మిగతావి పొగమంచు. చివరిది చూసేందుకు నాకు ధైర్యం చాలలేదు. అత్తయ్యగారు దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఎండలో పెట్టి చూద్దాం పద" అన్నారు అంతే.

ఆ కాలపు ఔత్సాహికులు నీలిరంగు ప్రింట్లు ఇంట్లోనే చేసుకునేవారట. కాగితానికి ఇనుపలవణాల మందు పూసి ఆరబెట్టి, పైన నెగెటివ్ పెట్టి, ఎండ చూపించి, నీళ్ళలో కడిగితే చాలు. వదిన వాళ్ళ పెరట్లో అత్తయ్యగారు అంతకుముందే పెట్టిన సగ్గుబియ్యం వడియాల పక్కన, గాజుపలక కింద మా కాగితం కూడా ఎండింది. తర్వాత వంటింట్లో సింకు నిండా నీళ్ళు పట్టి అందులో వేశారు. వదిన పాపని చంకనేసుకుని నిలబడింది. పసుపుపచ్చని మందు నీళ్ళలోకి జారిపోతూ, అడుగునుంచి నీలం మెల్లగా పైకి తేలింది.

వెనక జనమంతా నవ్వుకుని కదిలిపోయినట్టున్నారు, నీలిపొగలా ఉన్నారు. అన్నకి ముక్కులు రెండు. కానీ ఏళ్ళ తరబడి పరీక్ష హాళ్ళలో నిలబడిన అత్తయ్యగారు రాతిబొమ్మలా స్పష్టంగా ఉన్నారు. మధ్యలో, మెత్తని ఆ కుర్చీలో, పాప. నేను చెమటలు కక్కుతూ అంకెలు లెక్కపెడుతున్నప్పుడు అది హాయిగా నిద్రపోయింది. కాస్త తెరుచుకున్న నోరు, చెంప మీద వాలిన కనురెప్పలు, పట్టులంగా అంచు, ఒక్కటి కూడా చెదరలేదు.

"నేనెక్కడున్నాను?" అంది వదిన, నీళ్ళలోకి వంగి.

"నువ్వు కుర్చీవి కదే" అన్నారు వాళ్ళమ్మ.

"ఇదిగో వదినా" అన్నాను. పట్టుబట్ట అంచులోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి పాప నడుముని పట్టుకుని ఉంది. పడిపోతుందని భయపడి పట్టుకున్నట్టుంది. వదిన దాన్ని చాలాసేపు చూసింది. తిడుతుందేమోనని నేను తలుపు ఎటుందో చూసుకున్నాను. ఆవిడ ముక్కు తుడుచుకుని నవ్వింది. "కరెక్ట్‌గానే వచ్చింది. ఈ ఏడాదంతా నేను చేసిన పని అదేగా" అంది. తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం ఆ పెరట్లో ఎండకి కాగితాలు ఎండుతూనే ఉన్నాయి. పార్టీకి వచ్చిన ప్రతి ఇంటికీ ఒకటి వెళ్ళింది, రాజమండ్రికి రెండు. కారు అంకుల్‌కి తల లేని ఫోటో భయపడుతూనే ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "కారు కలర్ రాలేదు గానీ షేప్ బాగా వచ్చింది" అని ఫ్రేమ్ కట్టించుకున్నాడు.

ఇక కెమెరా మళ్ళీ నా చేతికి రాలేదు. అత్తయ్యగారు స్ట్రోలర్‌లో ఒక పక్క పాపని, ఒక పక్క కెమెరాని పెట్టుకుని రోజూ పార్కుకి బయల్దేరేవారు. అక్కడ పొద్దున్నే వ్యాయామం చేసే ఒక చైనా మామ్మతో, బెంచీ మీద అల్లికలు అల్లుకునే ఒక మెక్సికో మామ్మతో ఆవిడకి స్నేహం కుదిరింది. ముగ్గురికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. వెలుతురు ఎటునుంచి వస్తోందో చేత్తో చూపించుకుంటూ, ఒకరినొకరు నిలబెట్టుకుని ఫోటోలు తీసుకునేవారు. ఒక శనివారం నేను వెళ్ళేసరికి ముగ్గురూ కెమెరా చుట్టూ చేరి పడీ పడీ నవ్వుతున్నారు. ఎందుకని అడిగితే, "నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నారు అత్తయ్యగారు, గుంటూరు తెలుగులో. గుంటూరు తిరిగి వెళ్ళేటప్పుడు కెమెరాని నేనే ఆవిడ పెట్టెలో చీరల మధ్య సర్దాను. ఇప్పుడు అక్కడ, వాళ్ళ వీధి ఆడపిల్లలకి మేడ మీద నీలిప్రింట్లు నేర్పుతున్నారు. అప్పుడప్పుడూ ఆ ప్రింట్లు వాట్సాప్‌లో పంపిస్తారు, తప్పొప్పులు చెప్పమని కాదు, మా పిల్లలు నీకంటే బాగా తీస్తున్నారు చూడు అని వెక్కిరించడానికి.

ఆ పాప ఇప్పుడు హైస్కూల్. మొన్న వాళ్ళింటికి వెళితే గోడ మీద ఫోటో చూపించి, "అంకుల్, దిస్ ఈజ్ సో కూల్. ఆ హ్యాండ్ ఎవర్ది?" అనడిగింది. "మీ అమ్మని అడుగు" అన్నాను. అమ్మ వంటింట్లోంచి, "కుర్చీది!" అని అరిచింది.

నా దగ్గర ఉన్నది వేరే ఫోటో. ప్రయాణానికి ముందు అత్తయ్యగారు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద నన్ను నిలబెట్టి తీసింది. "అందరికీ తీశావు, నీకెవరు తీశారు? నిలబడు. నవ్వకు, కదిలిపోతావ్. ఊపిరి బిగబట్టు" అన్నారు. నేను మరీ శ్రద్ధగా బిగబట్టాను. ఇప్పుడు నేనుంటున్న వానల ఊరు బాతెల్‌లో నా బల్ల మీద, వానచుక్కలు కారే కిటికీ పక్కన, నీలిరంగులో ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. నిండా జుట్టు, పుట్టినరోజుకి వదిన తెచ్చిన కోటు, బూరెల్లా ఉబ్బిన బుగ్గలు. తన జీవితంలో ఏం జరగబోతోందో ఒక్క ముక్క తెలియకపోయినా, జరిగేది మంచిదే అయి ఉంటుందన్న నమ్మకంతో కెమెరావైపే చూస్తుంటాడు. ఇక ఊపిరి వదులు నాయనా, ఫోటో అయిపోయింది అని చెప్పబోతాను. చెప్పను. అతను అలా బాగానే ఉన్నాడు.